పడవకు టైర్లు లేవని రాశారు

మా నాయన పడవను తుక్కు కింద అమ్మకానికి పెట్టారన్న సంగతి నాకు వాట్సాప్ స్టేటస్‌లో తెలిసింది. పెనుకొండలో వకీలు గారి ఆఫీసులో కూర్చుని ఎవరిదో పార్టిషన్ దావా టైపు చేస్తున్నాను. మధ్యలో టీ వచ్చింది, ఫోను తీశాను. పడవను బాగుచేయడానికి ఇచ్చిన హిందూపురం షెడ్డాయన పేరు పక్కన ఆకుపచ్చ వలయం కనిపించింది. నొక్కితే మా పడవ. ముందు భాగంలో నాయన తన చేత్తో పసుపు పెయింటుతో వేసిన చేప బొమ్మ స్పష్టంగా కనిపిస్తోంది. కింద రాసి ఉంది: ‘ఫైబర్ పడవ ఒకటి. ఈ వారమే అమ్మకం. కిలో లెక్క.’

కిలో లెక్కట! ఒళ్ళు మండిపోయింది. టీ అలాగే వదిలేసి లేచాను.

పడవేమిటి, హిందూపురమేమిటి అని నవ్వేవాళ్ళు నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. మా ఊరు పెనుకొండకు దగ్గర. మా చెరువులో నీళ్ళు లేని ఏళ్ళే నా చిన్నతనంలో ఎక్కువ. చెరువు నిండా సర్కారు తుమ్మ పెరిగి, మేకలు మేసేవి. తర్వాత కాలవ నీళ్ళు వచ్చి చెరువు నిండింది. నీళ్ళొచ్చాక చేపపిల్లల్ని వదిలారు. వాన పడితే ఓ వారం, ఎక్కడైనా నీళ్ళు నిలిస్తే ఓ వారం చేపలు పట్టుకుని బతికిన మా నాయనకు ఏడాది పొడుగునా పని దొరికింది.

మొదట్లో ఆయన పడవ మీద పోయేవాడు కాదు. ట్రాక్టర్ టైరు లోపలి ట్యూబులో గాలి నింపి, దాని మధ్య గోనెపట్ట కట్టుకుని, అందులో కూర్చుని పోయేవాడు. కాళ్ళు రెండూ నీళ్ళలో ఉండాలి. ఆ కాళ్ళే తెడ్లు. నడుము దాకా తడిసి, వేళ్ళు నాని పాలిపోయి ఇంటికొచ్చేవాడు. చాన్నాళ్ళు కూడబెట్టి కృష్ణ ఒడ్డు నుంచి ఒక పాత ఫైబర్ పడవ తెప్పించాడు. లారీలో అది దిగిన రోజు ఊరంతా చూడ్డానికొచ్చింది. నేను తప్ప. నాకు ఆఫీసు ఉందని చెప్పాను. నిజానికి ఆ రోజు ఆదివారం.

ఆ పడవ రెండేళ్ళు నడిచింది. నీళ్ళ అడుగున పాత తుమ్మ మొద్దులు ఇంకా నిలబడే ఉన్నాయి. ఒకరోజు పొద్దున ఒక మొద్దు పడవ అడుగును చీల్చేసింది. మునిగేలోపు నాయన దాన్ని గట్టుకు చేర్చాడు, కానీ పైకి లాగుతూ గట్టు రాళ్ళ మీద జారిపడ్డాడు. ఎడమ కాలి ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి లోపల రాడ్ వేశారు. ‘నడవొచ్చు, కానీ ఆ కాలితో నీళ్ళు తొయ్యడం, బరువు లాగడం ఇంక మర్చిపో’ అని డాక్టరు చెప్పాడు. అంటే ట్యూబు మీద పోయే బతుకు అయిపోయింది. ఇక మా నాయన చెరువు మీదికి పోవాలంటే పడవ ఒక్కటే దారి. పడవ లేకపోతే ఆయన ఇంటి ముందు మంచం మీద కూర్చుని, దారిన పోయేవాళ్ళను ‘ఏమప్పా, యాడికి?’ అని అడుగుతూ బతకాలి. ఆయన అలా కూర్చోగలిగే మనిషి కాదు.

పడవను హిందూపురం తీసుకుపోయింది నేనే. అక్కడ ఒక ఫైబర్ షెడ్డు ఉంది. నీళ్ళ డ్రమ్ములు, బాత్రూం తలుపులు, కల్యాణ మండపాల ముందు నిలబెట్టే ఏనుగులు చేస్తారు. షెడ్డాయన పడవను ముందెప్పుడూ బాగుచేయలేదు. ‘ఫైబర్ ఎక్కడైనా ఫైబరే కదమ్మా’ అన్నాడు. రశీదు పుస్తకం తీసి యజమాని పేరు అడిగాడు. నా పేరు చెప్పాను.

ఎందుకు నా పేరు చెప్పానో ఇప్పుడు దాచుకోను. నాయనకు చదువు రాదు, రేపు ఏదైనా కాగితం మీద సంతకం కావాలంటే ఇబ్బంది అనుకున్నాను. అది ఒక కారణం. అసలు కారణం వేరే ఉంది. పేరు చెప్పగానే షెడ్డాయన ‘ఏం పని చేస్తారు?’ అని అడుగుతాడనుకున్నాను. చుట్టూ పదిమంది ఉన్నారు. వాళ్ళ ముందు ‘చేపలు పడతాడు’ అనడానికి నాకు నోరు రాలేదు. ‘వకీలు ఆఫీసులో పని’ అని నా గురించి చెప్పి, చదవకుండా సంతకం పెట్టేశాను. రోజుకు ఇరవైమందికి ‘చదివి సంతకం పెట్టండి’ అని చెప్పే నేను!

పని నెల రోజుల్లో అయింది. అప్పటికి నాయన ఇంకా కట్టుతోనే ఉన్నాడు. కాలు తగ్గాక వచ్చి తీసుకుపోతామని ఫోను చేశాను. ‘ఉండనీలేమ్మా, ఏం తొందర!’ అన్నాడు షెడ్డాయన. అంత ధారాళంగా అన్నవాడు నాలుగు నెలల తర్వాత స్టేటస్ పెట్టాడు.

నేను ఫోను తీసుకెళ్ళి మా వకీలు సారు ముందు పెట్టాను. ఆయన కళ్ళజోడు పైకి జరుపుకుని చూశాడు.

“రశీదు తెచ్చినావా?”

ఇచ్చాను. ముందువైపు చూడనే లేదు. తిప్పి, వెనకవైపు చీమల్లా ఉన్న అక్షరాలను పైకి చదివాడు. ‘మూడు నెలలలో తీసుకొనిపోని వస్తువును, యజమానికి ముందుగా తెలియజేసి, తెలిసిన వారిచేత, యజమాని సమక్షమున, పనిచేయు స్థితిలో వెల కట్టించి అమ్మబడును. మా కూలి పోను మిగిలినది యజమానికి ఇవ్వబడును.’

“సంతకం ఎవరిది?” అన్నాడు.

“నాదే సార్.”

“మన ఆఫీసు టైపిస్టు చదవకుండా సంతకం పెట్టిందని బయట చెప్పబాకమ్మా. నా పరువు పోతాది.” రశీదును బల్ల మీద పరిచాడు. “ఇప్పుడు విను. రిపేరు చేసినోడికి, కూలి ముట్టేంతవరకూ వస్తువును పట్టుకోని కూర్చునే హక్కు ఉండాది. చట్టం ఇచ్చింది అంతే. అమ్ముకోమని చట్టం చెప్పలేదు. అమ్మొచ్చని నువ్వు ఒప్పుకున్నావు, ఈ రశీదులో. అయితే ఎట్ల అమ్మాలో కూడా ఇందులోనే ఉండాది. ముందు తెలపాల. ఆ సరుకు తెలిసినోడు వెల కట్టాల. నీ ఎదురుగా కట్టాల. పనిచేసే స్థితిలో కట్టాల. ఇందులో ఒక్కటి తప్పినా ఆ అమ్మకం నిలబడదు.”

“స్టేటస్ పెడితే తెలిపినట్టేనా సార్?”

“నువ్వు చూసినావు కాబట్టి ఇంగ దాన్ని పట్టుకోని లాగబాకు. వెల దగ్గర నిలబడు. ఇంగోటి గుర్తుపెట్టుకో. వాని హక్కు వాని చేతిలో వస్తువు ఉన్నంతవరకే. చేతిలోంచి పోతే హక్కూ పోయినట్టే. కానీ కూలి మాత్రం నువ్వు ఇయ్యాల్సిందే. అది ఎగ్గొట్టాలని చూస్తే నా దగ్గరికి రాబాకు.”

“ఎగ్గొట్టేదానికి నేనేమన్నా దొంగనా సార్?” అన్నాను. ఆయన నవ్వి, సెలవు ఇచ్చాడు.

మర్నాడు కూలి కవరులో పెట్టుకుని హిందూపురం బస్సెక్కాను. షెడ్డులో తొండం ఇంకా అతకని ఏనుగు ఒకటి గోడకు ఆనుకుని ఉంది. దాని పక్కనే మా పడవ. అడుగున చీలిక ఉన్న చోట నున్నగా, తెల్లగా అతుకు వేసి ఉంది. పని బాగా చేశాడు, అబద్ధం చెప్పను.

పడవ లోపల ఒక మనిషి గొంతుకూర్చుని టేపుతో కొలుస్తున్నాడు. అతను షెడ్డాయన బామ్మర్ది. బెంగుళూరు రోడ్డు మీద ఈమధ్యే ఢాబా పెట్టాడట.

“ఏం కొలుస్తాండావన్నా?” అని అడిగాను.

“మట్టి ఎంత పడతాదోనని. ఢాబా ముందర పెట్టి పూలచెట్లు వేస్తామమ్మా. అందరూ దీని పక్కన నిలబడి ఫొటోలు దిగుతారు. అడుగున నాలుగు చిల్లులు కొట్టాల, లేకుంటే నీళ్ళు నిలిచి చెట్లు కుళ్ళిపోతాయి.”

చీలిపోయిన పడవను అతికించి, ఆ అతుకు పక్కనే చిల్లులు కొడతారట! నేను పడవ అంచు దగ్గరికి పోయాను.

“దిగు ముందు. చెప్పులతో ఎక్కినావు. మా నాయన ఎప్పుడూ చెప్పులతో ఎక్కలేదు.”

అతను గబుక్కున దిగాడు. షెడ్డాయన టేబుల్ దగ్గర నుంచి వచ్చాడు.

“ఏం పాపా, ఇప్పుడు గుర్తొచ్చినామా?”

“కూలి తెచ్చినా. లెక్క చూసుకోని పడవ ఇయ్యన్నా.”

“కూలి ఒకటే సాలదు. జాగా బాడుగ? నాలుగు నెలలుగా ఈడ పండుకోనుండాది నీ పడవ. నా డ్రమ్ములన్నీ ఎండలో ఉండాయి.”

“బాడుగ మాట రశీదులో యాడుందో చూపించు, ఇస్తా.”

“అన్నీ రాస్తారా? అడిగి తీసుకుంటారు గానీ!”

“ఉండనీలేమ్మా, ఏం తొందర అని నువ్వే కదా అన్నావు?”

ఆయన కుర్చీలో కూర్చున్న ఒక ముసలాయన వైపు చెయ్యి చూపించాడు. భుజం మీద ఎర్ర తువ్వాలు, చేతిలో ముల్లుగర్ర. “వెల కట్టించి అమ్ముతాండా. ఊరికే కాదు. ఈ పెద్దాయన పశువుల సంతలో ముప్పై ఏండ్లుగా బేరాలు కుదురుస్తాండాడు. ఎద్దును ఒకసారి చూస్తే ఎన్ని సేద్యాలు చేస్తాదో చెప్తాడు.”

“పెద్దయ్యా, నువ్వు పడవ ఎప్పుడన్నా చూసినావా?” అని అడిగాను.

“ల్యా తల్లీ,” అన్నాడు నిజాయితీగా. “పిలిచినారు, వచ్చినా.”

ఆయన లేచి పడవ చుట్టూ తిరిగాడు. పక్కల మీద అరచేత్తో తట్టాడు. వెనకవైపుకు పోయి చూశాడు. ముందుకొచ్చి, వంగి, చేప బొమ్మ కింద పడవ మూతిని ఎత్తి చూశాడు, పళ్ళు లెక్కపెట్టడానికన్నట్టు. అంత కోపంలోనూ నాకు నవ్వొచ్చింది. తర్వాత తువ్వాలు తీసి చేతి మీద పరిచాడు. బామ్మర్ది దాని కింద చెయ్యి పెట్టాడు. ఇద్దరూ ఒకరి వేళ్ళు ఒకరు పట్టుకుని, తల ఊపుకుంటూ, నోరు విప్పకుండా బేరం మొదలుపెట్టారు. సంతలో ఇది మామూలే. ఎవరు ఎంతకు అడిగారో పక్కవాళ్ళకు తెలియకూడదని అలా చేస్తారు. చిన్నప్పుడు అవ్వతో సంతకు పోయినప్పుడు నేనూ చూశాను.

“ఎంతకు కుదిరింది?” అన్నాను.

“అది బయటికి చెప్పేది కాదు పాపా,” అన్నాడు షెడ్డాయన.

నేను తువ్వాలు పట్టుకుని లాగేశాను.

షెడ్డులో పనివాళ్ళంతా నోరెళ్ళబెట్టారు. బామ్మర్ది చేతిలో ముసలాయన రెండు వేళ్ళు బయటపడ్డాయి. అతను వాటిని చెయ్యి కాలినట్టు వదిలేశాడు.

“ఏమ్మా, తువ్వాలు లాగుతావా?” అన్నాడు ముసలాయన. “ఇన్నేండ్లలో ఒక్కరు లాగలేదు.”

“తప్పే పెద్దయ్యా, నీ మీద కోపం ల్యా. ఎద్దుకు తువ్వాలు సరిపోతాది. ఈడ వెలను నోటితో చెప్పాల, నా ఎదురుగా చెప్పాల. రశీదులో అట్ల రాసుకున్నారు వీళ్ళే.” రశీదు తిప్పి గట్టిగా చదివాను. రెండోసారి కూడా చదివాను, వెనక ఉన్నవాళ్ళకు వినపడాలని.

ముసలాయన తువ్వాలు తీసుకుని దులుపుకున్నాడు. “రెండు వేళ్ళు పట్టుకున్నాడమ్మా. రెండు వేలు,” అన్నాడు నాతో. తర్వాత షెడ్డాయన వైపు తిరిగి, “రెండు వేలకు దూడ గూడా రాదు కదప్పా. నాకు తెలీని సరుకు ఇది. నేను కట్టను,” అని ముల్లుగర్ర అందుకుని వెళ్ళిపోయాడు. ఆ పెద్దాయన మీద నాకు ఈరోజుకూ గౌరవమే.

“ఇంగ ఎవురు కావాల నీకు? కలెక్టరా?” అన్నాడు షెడ్డాయన.

ధర్మవరంలో ఒకాయన ఉన్నాడు. మగ్గాలకు, బండ్లకు వెల కట్టడం ఆయన వృత్తి. ఇన్సూరెన్సులకైనా, బ్యాంకులకైనా ఆయన కాగితం చెల్లుతుంది. మా ఆఫీసుకూ వస్తూ పోతూ ఉంటాడు. షెడ్డాయన లారీకి కూడా ఆయనే రాశాడట. అందుకని ఇద్దరికీ కుదిరింది. మూడు రోజుల తర్వాత రమ్మన్నాం.

ఆయన వచ్చాడు. సన్నగా, ఇస్త్రీ చొక్కాతో, చంకలో ఫారాలు పెట్టిన అట్టతో. పడవను చూసి, అట్టకున్న కాగితాలు తిరగేశాడు.

“నా దగ్గర రెండు ఫారాలే ఉండాయి. మగ్గాలకు ఒకటి, బండ్లకు ఒకటి. పడవకు ఫారం ల్యా. బండ్ల ఫారంలో రాస్తా, ఇది కూడా ఎక్కి పోయేదే కదా.”

రాయడం మొదలుపెట్టాడు. నేను భుజం మీదుగా చూస్తున్నాను. ఇంజను: లేదు. బ్యాటరీ: లేదు. టైర్లు: లేవు. ప్రతి ‘లేదు’కూ పక్కన కొంత తీసివేత. నాలుగు టైర్లకూ తీసేశాడు. స్టెప్నీకి కూడా తీసేశాడు!

“సార్, పడవకు టైర్లు యాలకు?”

“ఫారంలో ఉండాదమ్మా. ఖాళీ వదిలితే ఒప్పుకోరు.”

“ఉండాల్సినవి లేకపోతే తీసేయండి. ఎప్పటికీ ఉండనివాటికి కూడా తీసేస్తారా?”

షెడ్డాయన, బామ్మర్ది ఒకరి మొహం ఒకరు చూసుకుని సంతోషపడుతున్నారు. ఇలా తీసుకుంటూ పోతే చివరికి మేమే వాళ్ళకు బాకీ పడేలా ఉన్నాం. నాకు ఏడుపొచ్చింది. ఏడవలేదు. రశీదులో ఒక్క మాట గుర్తొచ్చింది.

“సార్, మీరు మగ్గానికి ఎట్ల వెల కడతారు?”

ఆయన పెన్ను ఆపాడు. ఆ ప్రశ్న ఆయనకు నచ్చింది. “మగ్గాన్ని ఊరికే చూసి చెప్పను. ఆడించాల. పోగు ఎక్కించి, కనీసం ఒక గజం నెయ్యమంటా. పక్కన కూర్చోని సప్పుడు వింటా. యాడ అరిగిందో, యాడ పట్టేస్తాందో ఆ సప్పుడే చెప్తాది. ఆపి ఉన్న మగ్గానికి వెల కట్టేవాడు నా దృష్టిలో అసలు ఈ పని చేసేవాడే కాదు.”

“మరి ఇది ఇప్పుడు ఆపి ఉన్న మగ్గమే కదా సార్? ‘పనిచేయు స్థితిలో’ అని రాసుండాది. నేల మీద పడవ ఏం పని చేస్తాది?”

ఆయన నా వైపు చూశాడు, పడవ వైపు చూశాడు, తన ఫారం వైపు చూశాడు. మెల్లగా ఆ కాగితం మీద అడ్డంగా గీత కొట్టేశాడు.

“ఆ పాప చెప్పింది న్యాయమే. నీళ్ళలో చూడాల.”

“నీళ్ళా!” షెడ్డాయన ఎగిరిపడ్డాడు. “హిందూపురంలో తాగే నీళ్ళకే కొట్టుకుంటాండాము. పడవకు యాడ తెస్తాం సార్?”

“మా చెరువుకు పోదాం. బొలెరో ట్రక్కు బాడుగ నాది,” అన్నాను.

“అమ్మణ్ణీ, నాకూ వకీలు ఉండాడు. షెడ్డు దాటిస్తే నా పట్టు పోతాదని నాకు తెలీదనుకున్నావా?” ఆయన మూలన ఉన్న నైలాన్ తాడు చుట్ట తెచ్చాడు. “ఒక పని. నా తాడు కడతా. నీళ్ళలోకి పోయినా తాడు కొస నా చేతిలో ఉంటాది. తాడు నా చేతిలో ఉన్నంతసేపు పడవ నా దగ్గరున్నట్టే. ఒప్పుకుంటావా?”

“ఒప్పుకున్నా. తాడు వదిలితే నీ పట్టు పోయినట్టే గదా?”

“నేను వదిలేదేంది!” అని నవ్వాడు. ధర్మవరం సారు ఆ మాటలన్నీ ఫారం వెనక రాసి ఇద్దరితో సంతకాలు పెట్టించాడు. ఈసారి నేను చదివే పెట్టాను.

మర్నాడు మేం పోయేసరికి చెరువు గట్టు మీద నాయన కర్ర ఊతంగా నిలబడి ఉన్నాడు. పొద్దున్నుంచే వచ్చి నిలబడ్డాడట. బొలెరోలోంచి పడవ దించుతుంటే దగ్గరికొచ్చి, అతుకు మీద అరచెయ్యి పెట్టి అటూ ఇటూ రుద్ది చూశాడు. షెడ్డాయనతో, “పని బాగా చేసినావప్పా,” అన్నాడు. వాళ్ళిద్దరి మధ్య ఏమీ జరగనట్టే అన్నాడు. షెడ్డాయన మొహం ఒక్క క్షణం విప్పారింది. “రెండు పొరలు వేసినా పెద్దాయనా. రాయికి కొట్టినా పగలదు,” అన్నాడు.

కూలి కవరు నా చేతిలోనే ఉంది. బొలెరో డ్రైవరుకిచ్చి, “పని అయినాక ఇది షెడ్డన్నకు ఇయ్యి,” అని అందరి ముందూ చెప్పాను.

షెడ్డాయన ముందు కొసకున్న ఇనుప రింగుకు తాడు కట్టి, రెండో కొస మణికట్టుకు రెండు చుట్లు చుట్టుకున్నాడు. నాయన ఎక్కి, రాడ్ వేసిన కాలు ముందుకు చాపి, తెడ్డు అందుకున్నాడు. ధర్మవరం సారు బూట్లు విప్పి చేత పట్టుకుని ఎక్కాడు. “యజమాని కూడా ఎక్కాల, సమక్షంలో అని ఉండాది కదా,” అన్నాడు. ఇన్నేళ్ళలో నేను నాయన పడవ ఎక్కింది లేదు. ఎక్కాను. అది ఊగింది, నేను అంచు గట్టిగా పట్టుకున్నాను, నాయన నా వైపు చూసి చూడనట్టు నవ్వుకున్నాడు.

నాయన తెడ్డు వేశాడు. ఐదు నెలల తర్వాత మొదటిసారి. పడవ కదిలింది. సారు ముందుకు వంగి అతుకు దగ్గర చెవి పెట్టి విన్నాడు.

“సప్పుడేమీ రాలేదే!”

“పడవకు సప్పుడు రాకుంటేనే మంచిది సార్,” అన్నాడు నాయన.

చుక్క నీళ్ళు రాలేదు. ముగ్గురి బరువు మీద కూడా రాలేదు. తాడు మెల్లగా సాగి, బిగిసింది. పడవ ఆగిపోయింది.

“వల యాడ వేస్తావు?” అన్నాడు సారు.

నాయన తెడ్డుతో దూరంగా చూపించాడు.

“ఆడిదాకా పోవాల. సగం గజం నేసి ఆపేస్తే మగ్గం గురించి నాకు తెలిసేదేముంది?”

“తాడు వదలమనండి సార్,” అన్నాడు నాయన.

“వదల్ను!” గట్టు మీద నుంచి అరిచాడు షెడ్డాయన. ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి నీళ్ళలోకి దిగాడు. తాడు కాస్త వదులైంది, పడవ కాస్త ముందుకు పోయి మళ్ళీ ఆగింది. నాయన తెడ్డు ఒళ్ళో పెట్టుకుని నా వైపు చూశాడు. పెద్దవాళ్ళు ‘వద్దు’ అంటే ఆగిపోవడం ఆయనకు అలవాటు. ఆఫీసుల ముందు, ఆస్పత్రుల ముందు, జీవితమంతా అలాగే ఆగాడు.

“నాయనా, తొయ్యి,” అన్నాను.

“ఆయప్ప నీళ్ళలో ఉండాడు మ్మే.”

“అక్కడ లోతు ఎంత?”

“నడుము దాటదు.”

“అయితే తొయ్యి!”

తోశాడు. షెడ్డాయన ఒక అడుగు, ఇంకో అడుగు. నీళ్ళు తొడ దాకా వచ్చాయి. చొక్కా జేబులో ఫోను గుర్తొచ్చి తీసి ఒక చేత్తో పైకెత్తాడు. గట్టు మీద బామ్మర్ది “వదలబాకు బావా!” అని కేకలు. నాయన ఇంకోసారి తెడ్డు వేశాడు. అడుగు బురద, షెడ్డాయన కాలు జారింది, పైకెత్తిన చేతిలో ఫోను జారబోయింది. రెండు చేతులతో ఫోను పట్టుకున్నాడు.

మణికట్టు మీది చుట్లు విడిపోయాయి. తాడు నీళ్ళ మీద మా వెంట వచ్చేసింది.

ఆయన నడుము లోతు నీళ్ళలో నిలబడి ఫోను తుడుచుకుంటూ ఏదో అరిచాడు. కావాలనే చేశాను. ఆ సంగతి అప్పుడూ దాచలేదు, ఇప్పుడూ దాచను. “కూలి డ్రైవరు దగ్గరుండాది, లెక్క చూసుకోన్నా!” అని నేనూ అరిచాను. నాయన తెడ్డు ఆపి, తాడును లోపలికి లాగి, తడి పిండి, చుట్ట చుట్టి పక్కన పెట్టాడు. “ఆయప్ప తాడు. పోయేటప్పుడు ఇచ్చేయాల,” అన్నాడు.

చెరువు మధ్యకు వచ్చాం. సారు కొత్త ఫారం తీశాడు. అట్ట ఒళ్ళో పెట్టుకుని ఒక్కొక్కటీ పైకి చదువుతూ రాశాడు. టైర్లు: అవసరం లేదు. ఇంజను: అవసరం లేదు. నడక: బాగుంది. అతుకు: గట్టిది. చివర వెల వేశాడు. షెడ్డాయన కూలికి అది ఎన్నో రెట్లు. అంత పెట్టి ఢాబా ముందు మట్టి పోసుకునే పిచ్చివాడెవడూ లేడు.

“యజమాని పేరు?” అన్నాడు సారు. “రశీదులో నీ పేరే ఉండాది. అదే రాసేదా?”

నాయన తెడ్డు ఆపలేదు. తల మాత్రం అవతలికి తిప్పుకున్నాడు, ఆ ప్రశ్న తనది కానట్టు. రశీదులో ఎవరి పేరు ఉందో ఆయనకు మొదటి నుంచీ తెలుసని నాకు అప్పుడు అర్థమైంది.

నాయన పేరు చెప్పాను. ఇంటిపేరుతో సహా చెప్పాను.

“వృత్తి?”

గట్టు మీద ఊరివాళ్ళు పోగయ్యారు. నీళ్ళ మీద మాట దూరం పోతుంది. షెడ్డాయనకూ వినపడుతుంది, వాళ్ళందరికీ వినపడుతుంది.

“చేపలు పడతాడు,” అన్నాను, గొంతెత్తి. “రాయండి సార్. పెద్ద అక్షరాలతో రాయండి.”